ఎర్రమట్టి దిబ్బలకు హద్దురాళ్లు, ఒక కాలిబాట కావాలి

రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖల మంత్రివర్యులకు,

అయ్యా,

భీమునిపట్నంలో ఉంటూ ఎర్రమట్టి దిబ్బల్లో చిన్ననాటి నుంచి తిరుగుతున్న మనిషిగా ఈ లేఖ రాస్తున్నాను. బిరుదుల విషయంలో ఈ దిబ్బలకు ఏ లోటూ లేదు. 2014లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతోపాటు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. అయితే విశాఖ నుంచి బీచ్ రోడ్డున వచ్చి, బండి ఆపి లోపలికి నడిచే మనిషికి రక్షిత భూమి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఎక్కడ అడుగు వేయవచ్చో ఎక్కడ వేయరాదో నేల మీద తెలిసే దారి లేదు. నా విన్నపమంతా ఆ హద్దు గురించి, ఆ నడక గురించి.

చూడటానికి కొండలా నిలిచినా ఇది రాయి కాదు. హిమయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను వేల ఏళ్లపాటు గాలి ఎత్తిపోయగా ఏర్పడిన మేట ఇది. రేణువుల చుట్టూ పొరలా పట్టిన ఇనుప ఆక్సైడే దీనికి ఈ ఎరుపునిచ్చింది. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు తమిళనాడు, శ్రీలంక తీరాల్లో తప్ప ఈ ప్రాంతంలో మరెక్కడా కనిపించవని శాస్త్రజ్ఞుల మాట. వాన కోసిన గెడ్డలు (వాగులు) చెట్టుకొమ్మల్లా చీలుతూ సముద్రం వైపు సాగుతాయి. ఆ కోత సహజమైనదే, దిబ్బల అందమూ అందులోనే ఉంది. మనిషి అడుగు తోడైనప్పుడే లెక్క తప్పుతుంది.

కిందటి వానాకాలంలో రెండు రోజుల ముసురు తెరిపిచ్చాక వెళ్లి చూశాను. అంతకుముందు మోటారుసైకిళ్లు ఎక్కిన ఏటవాలు మీద చక్రం జాడ ఒకటి మోకాటిలోతు కాలువ అయింది. దాని ఒడ్డున జీడిమామిడి వేళ్లు సగం గాలిలో వేలాడుతున్నాయి, అడుగున ఎవరో పారేసిన నీళ్ల సీసా మూతిదాకా ఇసుకలో కూరుకుపోయి ఉంది. పది అడుగుల అవతల, ఎవరూ తొక్కని చోట, గడ్డి పట్టిన నేల అంతే వానకు చెక్కుచెదరలేదు. ఫొటో కోసం అంచున నిలబడే కొత్తజంటలను నేను తప్పుపట్టను. అది కూలే అంచని వారికి చెప్పినవారెవరు?

2024 జులైలో దిబ్బల దగ్గరి భూమిని యంత్రాలతో చదును చేస్తున్నారని గగ్గోలు పుట్టినప్పుడు కూడా వాదమంతా హద్దు దగ్గరే వచ్చింది. ఈ భూమి దిబ్బల్లోది కాదని ఒకరు, దిబ్బే అని మరొకరు. భూవైజ్ఞానిక సంస్థ గుర్తింపు ఇవ్వగలదు గాని కాపలా పెట్టలేదు. భూవారసత్వ స్థలాల కోసం కేంద్రం 2022లో ముసాయిదా బిల్లు ప్రకటించింది. అది ఏ రూపం తీసుకున్నా, రాళ్లు పాతే పని మాత్రం మన సర్వేయర్లదే. గుర్తింపు పొందిన భాగానికే కాకుండా, దాని చుట్టూ ఎర్ర ఇసుక ఉన్నంత మేరా కొలిచి, గ్రామ పటంతో సరిచూసి, కంటికి ఆనే రాళ్లు పాతించవలసిందిగా కోరుతున్నాను. ఎగువ మట్టి కదిలితే దిగువ గెడ్డ దారి మారుతుంది గనుక చుట్టుపక్కల భూమిని విడిచి దిబ్బను మాత్రమే కాపాడటం కుదరదు.

ఇక నడక. దిబ్బలను మూసివేయమని నేను అడగడం లేదు. కాపలా లేని నిషేధం రాత్రిపూట వచ్చేవారికే మేలు చేస్తుంది. రోడ్డు పక్కనే బండ్లు ఆపించి, అక్కడి నుంచి సముద్రం కనిపించే చోటుదాకా, కూలే అంచులకు దూరంగా, గట్టినేల మీదుగా ఒకే ఒక కాలిబాట గుర్తించండి. రెండు వైపులా సరుగుడు గుంజలు, కొబ్బరితాడు చాలు. సిమెంటు మెట్లు, రంగు దీపాలు, తినుబండారాల దుకాణాలు దయచేసి వద్దు (సుందరీకరణ అన్న మాట వింటేనే మా ఊరివాళ్లకు గుండె దడ). గెడ్డలు పారే రోజుల్లో బాట మూసివేయాలి. మీ శాఖకు ఇది కొత్త పనేమీ కాదు: విశాఖ పక్కనున్న కంబాలకొండ అభయారణ్యంలో టిక్కెట్టు పెట్టి జనాన్ని కాలిబాటల్లో నడిపిస్తున్నది మీ సిబ్బందే. ఇక్కడ దారి చూపే పని చుట్టుపక్కల మత్స్యకార పల్లెల యువతకు జీతమిచ్చి అప్పగిస్తే, ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుందో వారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

నైరుతి వానలు మొదలయ్యేలోగా సర్వే తేదీని ప్రకటించి, ఆ రోజున ఊరివారిని కూడా పిలవవలసిందిగా ప్రార్థిస్తున్నాను. పాత గెడ్డల దారులు తెలిసిన పెద్దలు ఇంకా కొందరున్నారు, వారిని వెంటబెట్టుకుని నేనూ వస్తాను.

ఇట్లు,
భీమునిపట్నం నివాసి