లైబ్రరీలో కలిసిన పెద్దావిడకి (పేరు రాయొద్దన్నారు, రాయట్లేదు)

అందరికీ నమస్తే. నిన్న సాయంత్రం కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) నుంచి మా కంప్లైంట్ మీద ఆఖరి ఉత్తరం వచ్చింది. రాత్రంతా నిద్ర పట్టలేదు, తప్పులుంటే ఏమనుకోకండి, ఈ థాంక్స్ ఇవాళ రాయకపోతే ఇంక రాయలేను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. బాబుకి ఏడేళ్ళు, ఆటిజం. వారానికి కొన్ని గంటలు వాణ్ణి చూసుకోడానికి ఒక మనిషి సాయం కావాలని కౌన్సిల్‌లో పిల్లల విషయాలు చూసే చిల్డ్రన్స్ సర్వీసెస్‌ని అడిగాం. అసెస్‌మెంట్ (ఏ సాయం కావాలో వాళ్ళు చూసి తేల్చడం) 45 పనిదినాల్లో అయిపోవాలి, మాకు ఏడు నెలలు పట్టింది. తీరా రిపోర్ట్ వస్తే అందులో, తల్లి ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, బాబుకి మాటలు రాకపోవడానికి అదీ ఒక కారణం అని రాశారు. బాబు పేరు పదకొండు చోట్ల తప్పు. సాయం అవసరం లేదని తేల్చేశారు. ఆ లైను చదివాక నెల రోజులు నేను నిజంగానే వాడితో తెలుగు మాట్లాడ్డం మానేశానండి. అన్నం పెడుతూ ఇంగ్లీషులో పిలుస్తుంటే వాడు నా నోటి వంకే చూస్తుండేవాడు.

కంప్లైంట్ పెడితే మొదటి స్టేజ్‌లో జవాబిచ్చింది ఆ టీమ్ మేనేజరే. రెండో స్టేజ్ కావాలని రాయడానికి లైబ్రరీకెళ్ళా. ప్రింటర్ దగ్గర కాగితాలన్నీ జారి కిందపడ్డాయి, ఏరుకుంటూ ఏరుకుంటూ అక్కడే ఏడ్చేశా. అక్కడ వాలంటీర్‌గా చేసే పెద్దావిడ ఒకరు, డెబ్బై దాటే ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు. ఏమైందని అడగలేదు. కాగితాలన్నీ తేదీల వారీగా సర్ది, అప్పుడు అడిగారు, మీ బాబు పేరు ఎలా పలకాలి అని.

వాడి పేరులో 'ళ' ఉంది. ఇంగ్లీషువాళ్ళకి అది అంత తేలిగ్గా రాదు కదా. ఆవిడ పెన్సిల్‌తో పేరు ముక్కలు చేసి రాసుకుని, నాలుక ఎక్కడ పెట్టాలో నన్ను నోరు తెరిచి చూపించమన్నారు. మళ్ళీ మంగళవారం నేను లోపలికి వెళ్ళీ వెళ్ళగానే వాడి పేరు పెట్టి ఎలా ఉన్నాడని అడిగారు, ళ స్పష్టంగా పలికింది. నాకు కాళ్ళలో సత్తువ పోయింది. ఏడు నెలలు మా ఇంటికి వచ్చి వెళ్ళినవాళ్ళలో ఒక్కళ్ళు ఆ ప్రశ్న అడగలేదు.

అప్పట్నుంచి ప్రతి మంగళవారం ఆవిడే. రెండో స్టేజ్ జవాబు వచ్చినప్పుడు నేను దాన్ని మూడు రోజులు తెరవలేదు, దాని తర్వాతి మెట్టు అయిన ముగ్గురి ప్యానెల్ అడగడానికి 20 పనిదినాలే టైము, ఆవిడ గోడ క్యాలెండర్ తీసి శని ఆదివారాలు, బ్యాంక్ హాలిడే కొట్టేసి ఆఖరి రోజు చుట్టూ గీత గీసి నా బ్యాగులో పెట్టారు. ప్యానెల్ రోజు తోడుగా కూడా వచ్చారు, ఫ్లాస్క్‌లో టీ పట్టుకుని. లోపల ఒకాయన బాబు పేరు తప్పు పలికితే నాకంటే ముందు ఆవిడే సరిచేశారు. ఏం ఇచ్చి తీర్చుకోవాలి?

ప్యానెల్ ముగ్గురూ బయటివాళ్ళే, మర్యాదగానే విన్నారు. ఆ తెలుగు లైను తీసెయ్యాలని, క్షమాపణ చెప్పాలని, అసెస్‌మెంట్ మళ్ళీ చెయ్యాలని రాశారు. కానీ ఈ కడుపుమంట కూడా చెప్పుకోవాలి. ప్యానెల్‌కి విషయం మళ్ళీ మొదట్నుంచి విచారించే అధికారం లేదు, రెండో స్టేజ్ విచారణ సరిగ్గా జరిగిందా లేదా అనేదే చూస్తారు. రెండో స్టేజ్‌లో విచారణ చేసే ఆఫీసర్ కౌన్సిల్ ఉద్యోగే అయినా రూల్ ఒప్పుకుంటుంది, పక్కన ఇండిపెండెంట్ పర్సన్ అని కౌన్సిల్‌కి సంబంధం లేని మనిషి ఒకరుంటారు అంతే. ప్యానెల్ చెప్పింది కూడా సిఫారసే, ఒప్పుకోవాలా వద్దా అన్నది చిల్డ్రన్స్ సర్వీసెస్ డైరెక్టర్ ఇష్టం. మాకు క్షమాపణ వచ్చింది, లైను తీసేశారు. కొత్త అసెస్‌మెంట్‌కి మాత్రం "తగిన సమయంలో పరిశీలిస్తాం" అన్నారు. ఇంక మిగిలింది ఓంబుడ్స్‌మన్, అంటే కౌన్సిళ్ళ మీద ఫిర్యాదులు చూసే బయటి సంస్థ. వాళ్ళు కూడా పద్ధతి తప్పారా అని చూస్తారే గానీ, పద్ధతి ప్రకారమే జరిగితే మీ పిల్లాడికి ఇన్ని గంటలు ఇవ్వాలి అని కౌన్సిల్ నిర్ణయాన్ని మార్చరు. కోర్టుకెళ్ళిన విషయమైతే అసలు ముట్టుకోరు. స్కాట్లాండ్‌లో 2017 నుంచి సోషల్ వర్కర్ల నిర్ణయం సరైనదా కాదా అని కూడా అక్కడి ఓంబుడ్స్‌మన్ చూడొచ్చట. ఇక్కడ ఎందుకు ఉండకూడదు? ఇంగ్లీషు చదవగలిగిన మాకే ఏడాదిన్నర పట్టింది, రాని తల్లులు ఏం చేస్తారు?

మా ఆయన నైట్ డ్యూటీలు చేసి పగలు బాబుని చూసుకున్నారు, గుంటూరు నుంచి అత్తయ్యగారు వచ్చి ఆరు నెలలు ఉండి వంటా ఇల్లూ చూశారు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, ఆ ఇండిపెండెంట్ పర్సన్ గారిని మర్చిపోతున్నా. మా ఇంటికొచ్చినప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు చూసి చెప్పకుండానే బూట్లు విప్పేసి, బాబు కార్లన్నీ వరసగా పేర్చడం అయ్యేదాకా పక్కనే నేల మీద కూర్చున్నారు. ఇంట్లో మీ భాషే మాట్లాడండి, ఏం కాదు అని మొదట్నుంచీ చెప్పి, అదే ఉత్తరంలో రాసిచ్చిన స్పీచ్ థెరపిస్ట్‌కి కూడా. అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తిన మన తెలుగు గ్రూపు అక్కలకి. మూలమీద కొట్టు పంజాబీ అంకుల్‌కి, లైబ్రరీ మూసేసిన రోజున నలభై పేజీలు జెరాక్స్ తీసి డబ్బులు తీసుకోలేదు.

ఇంకా ఎవరినైనా మర్చిపోతే క్షమించండి, తర్వాత కలుపుతా. వాడు లేచాడు. అమ్మా అన్నం అంటున్నాడు, తెలుగులోనే.