తెల్ల ఓడను యుద్ధనౌక అని రాయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా మేనకోడలు ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. దక్షిణ చైనా సముద్రంలో ఏ చిన్న గొడవ జరిగినా మర్నాడు పొద్దున్నే మా చెల్లెలు పేపరు చేత్తో పట్టుకుని నాకు ఫోన్ చేస్తుంది. ఈమధ్య మీ పత్రికలో 'ఫిలిప్పీన్స్ యుద్ధనౌకపై చైనా దాడి' అన్న హెడ్డింగ్ చూసి, "పిల్లని వెనక్కి రప్పించేద్దామా అన్నయ్యా" అని ఒకటే టెన్షన్. తీరా వార్త చదివితే అది యుద్ధనౌక కాదు, కోస్ట్‌గార్డ్ గస్తీ నౌక. దాని మీద పడింది జలఫిరంగి నీళ్లు.

నేను సరుకు ఓడల్లో ఇంజినీరుగా పనిచేసి రిటైరై విశాఖలో ఉంటున్నాను. బూడిద రంగు కనిపిస్తే నేవీ, తెల్లరంగు కనిపిస్తే కోస్ట్‌గార్డ్ అని సముద్రం మీద తిరిగే ఎవరికైనా దూరం నుంచే తెలుస్తుంది. ఒడ్డున ఉన్నవాళ్లు పొరబడటానికి కారణాలు లేకపోలేదు. మన దగ్గర నేవీ ఓడ పేరు ముందు ఐఎన్‌ఎస్ అని, కోస్ట్‌గార్డ్ ఓడ పేరు ముందు ఐసీజీఎస్ అని ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లో రెండింటికీ బీఆర్‌పీ అనే ఉంటుంది. పైగా మన కోస్ట్‌గార్డ్ రక్షణ శాఖ కింద పనిచేస్తుంది. వాళ్లది 1998లోనే నేవీ నుంచి విడిపోయింది, ఇప్పుడు రవాణా శాఖ కింద ఉంది.

రవాణా శాఖ ఎందుకంటే, 7,641 దీవులున్న దేశం అది. మనకు బస్సు ఎలాగో వాళ్లకు ఫెర్రీ అలాగ. 1987 డిసెంబరులో దోన్యా పాజ్ అనే ఫెర్రీ ఆయిల్ ట్యాంకర్‌ని ఢీకొని 4 వేల మందికి పైగా చనిపోయారు. ఒకసారి తుపాను రోజున బతంగాస్ రేవులో కళ్లారా చూశాను. కోస్ట్‌గార్డ్ వాళ్లు ఫెర్రీలన్నీ ఆపేశారు. జనం అట్టపెట్టెలు, పిల్లలు, కోళ్ల బుట్టలతో రేవులోనే పడుకున్నారు. తిట్టుకునేవాళ్లు తిట్టుకున్నారు గానీ ఒక్క ఫెర్రీనీ కదలనివ్వలేదు.

2025 ఆగస్టు 11న దక్షిణ చైనా సముద్రంలోని స్కార్‌బరో దిబ్బ దగ్గర జరిగింది చూడండి. ఫిలిప్పీన్స్ మత్స్యకారులు తరతరాలుగా వేటకెళ్లే చోటు అది. అక్కడున్న బోట్లకు డీజిల్, ఐసు అందించే కార్యక్రమంలో ఉన్న ఓడల్లో 44 మీటర్ల కోస్ట్‌గార్డ్ ఓడ బీఆర్‌పీ సులువాన్ ఒకటి. ఐసు అంటే ఏమిటో మా ఫిషింగ్ హార్బర్‌లో ఎవర్నడిగినా చెబుతారు. అది కరిగిపోతే పట్టిన చేపంతా మురిగి, డీజిల్ ఖర్చు కూడా నెత్తిన పడుతుంది. సులువాన్‌ని తరుముతూ వచ్చిన చైనా కోస్ట్‌గార్డ్ ఓడ తమ సొంత నేవీ డిస్ట్రాయర్‌నే ఢీకొంది. దాని ముందుభాగం నుజ్జునుజ్జయింది. అప్పుడు సులువాన్ రేడియోలో పిలిచి, నీళ్లలో పడ్డవాళ్లుంటే తీస్తాం, వైద్యం కావాలంటే చేస్తాం అని అడిగింది. దాన్ని యుద్ధనౌక అని రాస్తే ఈ సంగతి మొత్తం తలకిందులవుతుంది.

ఫిలిప్పీన్స్‌కు యుద్ధనౌకలు లేవని కాదు. కొరియాలో కట్టించిన హోసె రిజాల్ లాంటి ఫ్రిగేట్లున్నాయి. అయినా 2024 డిసెంబరులో అధ్యక్షుడు మార్కోస్, ఆ వివాద జలాల్లోకి నేవీని పంపబోమని తేల్చి చెప్పారు. అది కావాలని తీసుకున్న నిర్ణయం. తుపాకీ పేలకుండా, చోటు వదలకుండా నిలబడటం. 2016లో హేగ్‌లోని అంతర్జాతీయ ట్రైబ్యునల్ ఈ సముద్రం మీద చైనా హక్కువాదాన్ని కొట్టేశాక ఆ తీర్పు పట్టుకుని సముద్రంలో నిలబడుతున్నది ఎక్కువగా ఈ తెల్ల ఓడలే. వాటిని మనం యుద్ధనౌకలంటే, వాళ్లే యుద్ధానికి కాలు దువ్వుతున్నట్టు మన పాఠకుడికి అనిపిస్తుంది.

అలా నిలబడటం తేలిక కాదు. జపాన్‌లో కట్టిన 97 మీటర్ల ఫిలిప్పీన్స్ కోస్ట్‌గార్డ్ ఓడ తెరెసా మాగ్బనువా 2024లో సబీనా దిబ్బ దగ్గర 5 నెలలు లంగరేసుకుని ఉంది. చైనా ఓడలు సామగ్రి రానివ్వలేదు. సిబ్బంది గంజి తాగి, వాన నీళ్లు పట్టుకుని బతికారు. ఆగస్టు 31న చైనా ఓడ గుద్దితే పక్కన కన్నం పడింది. సెప్టెంబరు 15న ప్యూర్తో ప్రిన్సెసా రేవుకు చేరాక కొందరిని స్ట్రెచర్ మీద దించారు. ఆ ఓడ పేరు స్పెయిన్ మీద, తర్వాత అమెరికా మీద పోరాడిన ఒక పంతులమ్మది. మన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో కట్టిన కోస్ట్‌గార్డ్ ఓడలకూ రాణి అబ్బక్క, రాణి రాస్మణి అని పెట్టుకున్నాం కదా.

యుద్ధనౌక అన్న మాట నిజంగా సరిపోయే చోటూ ఒకటుంది. 1944లో కట్టిన ఫిలిప్పీన్స్ నేవీ పాత ఓడ సియెర్రా మాద్రే, 1999 నుంచి అదే సముద్రంలోని సెకండ్ థామస్ దిబ్బ మీద నిలిచిపోయి తుప్పు పడుతోంది. అయినా అది ఇప్పటికీ నేవీ జాబితాలోనే ఉంది, అందులో సైనికులు కాపలా ఉంటున్నారు.

ఫిలిప్పీన్స్‌కు మనం బ్రహ్మోస్ క్షిపణులు అమ్మినప్పుడు, 2025 ఆగస్టులో మన తూర్పు నౌకాదళం ఓడలు వాళ్ల నేవీతో కలిసి తిరిగినప్పుడు మీరు పెద్ద పెద్ద ఫొటోలు వేశారు, సంతోషం. 2023లో రెండు దేశాల కోస్ట్‌గార్డ్‌ల మధ్య కుదిరిన ఒప్పందం గురించి కూడా ఒకసారి వివరంగా రాయించండి. ఇకమీదట హెడ్డింగ్ పెట్టేముందు ఆ ఓడ ఎవరిదో చూడమని మీ డెస్కు వాళ్లకు చెప్పండి. 'గస్తీ నౌక' అన్న మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది, హెడ్డింగ్‌లో చోటు కూడా ఎక్కువేం తినదు.

ఇట్లు,
ఒక విశ్రాంత మెరైన్ ఇంజినీరు,
విశాఖపట్నం