బాబాయ్‌కి కుర్చీ యోగా

రేయ్ శీనూ,

బాబాయ్‌కి పార్కిన్సన్స్ అని నువ్వు చెప్పినప్పటి నుంచి మనసు గాజువాకలోనే ఉంది. ఫోన్లో అన్నీ చెప్పలేం, పిన్ని కూడా చదువుకుంటుందని రాస్తున్నాను. యోగా చేయించొచ్చా అని అడిగావు కదా. డాక్టరుగారితో ఒక మాట అనుకుని, తప్పకుండా చేయించు.

2025 జూన్ 21న మన విశాఖ బీచ్ రోడ్డు పొడవునా లక్షల మంది ఆసనాలు వేశారు, గుర్తుందా? అది టీవీలో చూస్తూ, ఇదే జబ్బున్న మా అమ్మ, "నేల మీద కూర్చోలేనిదాన్ని, నాకింకేం యోగారా" అంది. ఆ మాటకి ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడు కుర్చీలోనే చక్కగా చేస్తోంది.

అన్నిటికన్నా ముఖ్యం టైము. మెదడులో కదలికల్ని నడిపించే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్లే ఈ బిగుతూ, వణుకూ. లెవోడోపా మాత్ర ఆ లోటుని కాసేపు పూడుస్తుంది. సాధన ఆ కాసేపట్లోనే జరగాలి. అమ్మకి మాత్ర వేసుకున్న ముప్పావు గంటకి ఒళ్ళు వదులవుతుంది. బాబాయ్‌కి ఎప్పుడో నువ్వే గమనించాలి. మాంసకృత్తులు ఎక్కువున్న తిండి ఆ మాత్రని ఒంటికి సరిగా పట్టనివ్వదు, అందుకే మా ఇంట్లో పెసరట్టు బాగా ఆలస్యంగానే.

కుర్చీని గోడకి ఆనించు. ఈ జబ్బులో కదలికలు తెలియకుండానే చిన్నవైపోతాయి, అడుగూ, గొంతూ, చేతిరాతా కూడా. కాబట్టి ప్రతిదీ పెద్దగా చేయించాలి. చేతులు బార్లా చాపి పైకెత్తడం, నడుము మెల్లగా అటూ ఇటూ తిప్పడం, పైకే వినపడేలా లెక్కపెట్టడం. గట్టిగా ఓంకారం పలికితే గొంతుకీ మంచిదే. కుర్చీలోంచి లేచేటప్పుడు పాదాలు వెనక్కి లాక్కుని, ముందుకి బాగా వంగి లేవమను. ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మన ఉక్కపోతకి చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే ఆ ముప్పు ఇంకా ఎక్కువ, నీళ్ళు పక్కనే పెట్టు. తలకిందులు ఆసనాలు, గబగబా ఊపిరి వదిలే కపాలభాతి మాత్రం వద్దు.

నడుస్తూ గుమ్మం దగ్గర కాళ్ళు అతుక్కుపోయినట్టు ఆగిపోతే చెయ్యి పట్టి లాగకండిరా, పడిపోతారు. ఆగనిచ్చి, "ఒకటి, రెండు" అని తాళంలా పలకండి. గుమ్మం ముందు రంగు టేపు గీతలు అంటిస్తే వాటిని దాటుకుంటూ అడుగు పడుతుంది.

దీంతో జబ్బు నయమవుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు, మాత్రలు ఆపొద్దు. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే కానీ, ఎంత మోతాదో తెలియకుండా సొంతంగా వాడితే ప్రమాదం. యోగా ఇచ్చేది వేరే. హాంకాంగ్‌లో 138 మందితో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో కదలికల విషయంలో యోగా, మామూలు వ్యాయామం సమానంగా పనికొచ్చాయి. ఆందోళన, దిగులు మాత్రం యోగా చేసినవాళ్ళకే ఎక్కువ తగ్గాయి. అమ్మలో నేను చూస్తున్నదీ అదే. మళ్ళీ పక్కింటివాళ్ళతో కబుర్లు చెబుతోంది.

ఆదివారం పొద్దున్నే వస్తాను. బాబాయ్ మాత్రలు వేసుకునే టైములు రాసి ఉంచు. చేతులున్న గట్టి చెక్క కుర్చీ ఒకటి చూడు, ప్లాస్టిక్‌ది వద్దు.

నీ
రవి