ల్యాబ్‌లో రేడియేషన్ లేదు: హెడ్మాస్టర్ ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

మన బడిలో రేడియేషన్ ప్రయోగం జరుగుతోందని గురువారం నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాటకే ముందు జవాబు. మన కంప్యూటర్ ల్యాబ్‌లో రేడియేషన్ లేదు. రేడియం లేదు, అలాంటి ప్రయోగంలో వాడే బంగారు రేకు అసలే లేదు. తులం ధర మీకు తెలియంది కాదు. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు ల్యాబ్ తలుపుకు "ఆల్ఫా కణాల ప్రయోగం నడుస్తోంది, లోపలికి రావద్దు" అని అట్టముక్క తగిలించారు. (ఆల్ఫా కణాలంటే రేడియం లాంటి పదార్థాల నుంచి వెలువడే, ధనావేశం ఉన్న చిన్న కణాలు.) రాత్రంతా నడవాల్సిన ప్రోగ్రాంను ఎవరూ ఆపొద్దని పెట్టిన అట్ట అది. దాని ఫొటో హన్మకొండ దాటి కాజీపేట దాకా పోయింది. ఆఫీసుకు ఒక్క ఫోన్ చేస్తే నిమిషంలో తేలేది.

అసలు ప్రయోగం 1909లో మాంచెస్టర్‌లో జరిగింది. గైగర్ అనే శాస్త్రవేత్త, అప్పటికి డిగ్రీ కూడా పూర్తికాని విద్యార్థి మార్స్‌డెన్ చీకటి గదిలో కూర్చుని, కణం తగిలినప్పుడల్లా జింక్ సల్ఫైడ్ తెర మీద మెరిసే చుక్కలను మైక్రోస్కోపులో లెక్కపెట్టారు. ప్లాటినం రేకు మీద పడ్డ దాదాపు 8000 ఆల్ఫా కణాల్లో ఒకటి వెనక్కి మళ్లింది. పరమాణువు నడుమ కేంద్రకం ఉందని 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చింది దీన్నుంచే.

మనవాళ్లు దీన్ని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాశారు. బంగారు కేంద్రకం కదలదనుకుని, 7.69 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఆల్ఫా కణాన్ని దాని మీదికి వదలాలి. అడుగడుక్కీ (ఇక్కడ అడుగంటే చిన్న కాలపు ముక్క) లెక్కించాల్సినవి: దూరం, వికర్షణ బలం, త్వరణం, వేగం, కొత్త స్థానం, మళ్లీ మొదటికి. సూటిగా పోయిన కణం కేంద్రకానికి 29.6 ఫెమ్టోమీటర్ల (కేంద్రకాల స్థాయి దూరాలు కొలిచే అతిచిన్న ప్రమాణం) దగ్గర ఆగి వెనుదిరగాలి. 14.8 ఫెమ్టోమీటర్లు పక్కకు జరిపి వదిలితే 90 డిగ్రీలు తిరగాలి. మొదట అడుగు 10⁻²¹ సెకను పెట్టారు, అంటే ఒక్కో అడుగుకు 19 ఫెమ్టోమీటర్లు. కణం ఒక్క గెంతులో కేంద్రకం పక్కన దిగి, లేని శక్తి తెచ్చుకుని ఎగిరిపోయింది. అడుగును వందో వంతు చేస్తే కుదురుకుంది. 1000 ఫెమ్టోమీటర్ల నుంచి బయల్దేరదీస్తే శక్తి లెక్కలో 3 శాతం తేడా వస్తోందని ఒక అబ్బాయి పట్టుకున్నాడు. బయల్దేరే చోటును 10,000 ఫెమ్టోమీటర్లకు జరిపారు, ప్రోగ్రాం రాత్రంతా నడవడానికి కారణం అదే.

లక్ష కణాలు వదిలితే 1,500 దాకా 90 డిగ్రీలు దాటి వచ్చాయి. "ఇన్ని వాపస్ రావొద్దు కదా సార్" అన్నది మూడో బెంచీ అమ్మాయి. ఆ మాటకు నాకు ఆ రోజంతా కడుపు నిండింది. 0 నుంచి 1000 ఫెమ్టోమీటర్ల దాకా పక్కదూరాన్ని, అంటే కణం సూటి దారి నుంచి ఎంత పక్కకు జరిగిందో దాన్ని, సమంగా పంచడమే తప్పు. బతుకమ్మ చుట్టూ లోపలి వరుసలో పదిమంది పడితే బయటి వరుసలో ముప్పైమంది పడతారు, కణాలూ అంతే. ర్యాండమ్ సంఖ్యకు వర్గమూలం తీసి వెయ్యితో గుణించాక లెక్క 22 చుట్టుపక్కలకు దిగింది. చేత్తో వేసుకున్నా అంతే రావాలి.

ఆ తప్పు గ్రాఫును చెరపనివ్వలేదు. ప్రింటు తీయించి, నోట్‌బుక్‌లో అతికించి, కింద తేదీ, కారణం రాయించాను. మీరు ఇంట్లో దయచేసి "నీట్‌గా మళ్లీ రాయి" అనకండి! కొట్టివేతలు లేని రికార్డు చూస్తే నాకు అనుమానమే వస్తుంది. ఎందుకు తప్పిందో రాసుకున్న పేజీ దగ్గరే పిల్లలకు భౌతికశాస్త్రం అంటుకుంటుంది. కంప్యూటర్ తప్పు లెక్కను కూడా అందమైన రంగుల్లో గీసిస్తుంది, జంకదు. ముందు కాగితం మీద జవాబు వేసుకోనివాడు దాన్ని నమ్మేస్తాడు.

రెండిళ్ల నుంచి పూర్తయిన ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వచ్చింది. మీ ప్రేమ అర్థమైంది. దాంతో వచ్చిన వైరస్‌ను తీయడానికి ఒక పూట పట్టింది. "ఇది ఎస్సెస్సీలో వస్తదా సార్" అని అడిగిన వారికి: రాదు. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూసి మొదటి పీరియడ్‌లో తూగడం కూడా సిలబస్‌లో లేదు.

ఫీజు రసీదులు, సెలవుల తేదీలు డైరీలో ఉన్నాయి. గేటు ముందు ఆటోలు నిలపకండి.

శనివారం పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ఆ నలుగురూ ప్రోగ్రాం నడిపి చూపిస్తారు. ల్యాబ్ బయట చెప్పులు విప్పి రండి. అట్టముక్క తీయించాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు