ఏరు మూసిన పదిహేను రోజులు: గడ్డ మీది ఊరి పనుల గురించి

నల్లగొండ

మామా,

నీ జాబు అందింది. కృష్ణ మీది జూరాల డ్యాముకు దిగువ, ఏటి నడుమ చుట్టూ నీళ్లున్న గడ్డ మీది ఊరికి ఈ యేడు పనుల ప్లాను రాయాలె, జర చూసి చెప్పమన్నవు. చూసిన. మొదటి వరుసల వంతెన ఉన్నది. ఉండనీ, అది లేకుంటె గ్రామసభల ఎవ్వరూ సంతకం పెట్టరు. గానీ మంజూరై, టెండరై, స్లాబు పడేదాంక ఎన్ని వానకాలాలు పోతయో మన తీరుగనే ఏటి నడుమ ఉన్న గుర్రంగడ్డ ఊరోళ్లను అడుగు, చెప్తరు. అందుకని ప్రతి పని పక్కన ఒక్క ప్రశ్న రాసుకో: వరదకు ఏరు దారి మూసిన పదిహేను రోజులు ఒడ్డు నుంచి మనిషి రాకుండ ఇది నడుస్తదా? నడవకుంటె పని సగమే అయినట్టు. మోటరు పెడితె దాని స్టార్టరు, ఫ్యూజులు, విప్పి బిగించే మనిషి గూడ గడ్డ మీదనే ఉండాలె.

నన్నడిగితె పైసలు మొదలు రేవు మీద పెట్టు. సిమెంటు బస్త కాంచి బాలింత దాంక అన్నీ దాని మీదికెల్లే రావాలె కద. మన కృష్ణల నీళ్లు ఒక్క మట్టం మీద నిలవయి. గేట్లు ఎత్తితె ఒక తీరు, కరెంటు తయారుచేసి వదిలితె ఒక తీరు, ఎండకాలం బండలు తేలినంక ఇంకో తీరు. ఒకే ఎత్తుల గట్టు కట్టించినవనుకో, ఏడాదిల రెండు మూడు నెలలే పనికొస్తది. వాలు కట్టించు. ఎనిమిది అడుగుల పొడుగుకు ఒక అడుగు దిగాలె, వెడల్పు పన్నెండు అడుగులకు తగ్గొద్దు. కాంక్రీటు పచ్చిగ ఉన్నప్పుడే అడ్డంగ లోతు గీతలు గీయించు. నున్నగ వదిలేస్తె పాచి పట్టి, నెత్తి మీద బరువుతోటి దిగెటోళ్లు జారుతరు. పక్కపొంటి ముసలోళ్లకు మూడడుగుల మెట్ల వరుస, చేతికి పైపు. బోటు కట్టే ఇనుప రింగులు ఎత్తుల రెండడుగులకొకటి చొప్పున కిందికెల్లి మీది దాంక పాతియ్యాలె.

రేవు చెడేది అడుగు నుంచే. అంచు కింద ఏరు ఇసుక తోడుతది, బోలు అయితది, ఒకనాడు స్లాబు పెళ్లున విరుగుతది. ఆ అంచు పొడుగునా రాళ్లు నింపిన జాలి పెట్టెలు వెయ్యాలె. రెండు మీటర్ల పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న పెట్టెల 2 ఘనపు మీటర్ల రాయి పడ్తది. 10 సెంటీమీటర్ల కన్ను జాలైతె రాయి 15 నుంచి 25 సెంటీమీటర్లు ఉండాలె, చిన్నదైతె కన్నుల నుంచి జారిపోతది. పెట్టె వెనక ఫిల్టరు బట్ట తప్పదు. అది లేకుంటె వెనకున్న మట్టి రాళ్ల సందులకెల్లి కడుక్కపోయి, రేవు మీద గుంత పడ్తది. బిల్లుల బట్ట రాస్తరు, మట్టి కప్పినంక ఉన్నదో లేదో ఎవడు తవ్వి చూస్తడు? కప్పేనాడు నువ్వు ఆడ నిలబడు.

ఇగ బోటు. పుట్టి, అదే గుండ్రటి బుట్ట పడవ మీద నాకు కోపం లేదు, తక్కువ లోతుల దాన్ని మించింది లేదు. గానీ దాని మీద మోటరుసైకిలు, రెండు యూరియా బస్తలు, బడి పోరగాండ్లు ఒక్కసారి ఎక్కుడు ఆపాలె. 2007 జనవరిల మంచాలకట్ట కాడ ఇదే కృష్ణల పడవ మునిగి పదుల మంది పోయిన్రు, మతికుండాలె. ఫైబరు బోటు తీసుకుంటె దాని అంచుకు 30 సెంటీమీటర్ల కింద చుట్టూ ఎర్ర గీత గీయించు. గీత నీళ్లల్ల మునిగితె ఆఖరికి ఎక్కినోడు దిగాలె, వాడు సర్పంచైనా సరే. లైఫ్ జాకెట్లు కొనేటప్పుడు అన్నీ పెద్దోళ్లవే తెస్తరు. అది పిల్లగానికి వేస్తె నీళ్లల్ల పడంగనే నెత్తి మీదికెల్లి ఊడి వస్తది. తొడల సందుల నుంచి పట్టీ ఉన్న చిన్న సైజులు వేరే రాయి.

ఇంజను చెడేందుకు కారణాలు పెద్దగ ఉండయి. పెట్రోలుల నీళ్లు చేరుడు, ప్లగ్గు నల్లబడుడు, ప్రొపెల్లరుకు నాచు చుట్టుకునుడు, ఇంజను సల్లబరిచే నీటి పంపుల ఉండే రబ్బరు చక్రాన్ని ఇసుక తినుడు. ఆఖరిదే ఇంజను పాణం తీస్తది. నడిచేటప్పుడు ఇంజను వెనక సన్నధారగ నీళ్లు బయటికి చిమ్ముతుండాలె. ధార ఆగిన నిమిషమే ఇంజను ఆపాలె, లేకుంటె పిస్టను పట్టేస్తది. రేవు కాడ ఒక డబ్బల రెండు రబ్బరు చక్రాలు, నాలుగు ప్లగ్గులు, పెట్రోలు ఫిల్టరు, ప్రొపెల్లరు పిన్నులు అర డజను, లాగే తాడు, రెండు తెడ్లు పెట్టు. టూ స్ట్రోక్ ఇంజనైతె మామూలుగ లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు. దానితోటి వచ్చిన పుస్తకంల ఏమున్నదో చూసి, ఆ లెక్క పెయింటుతోటి గోడ మీద రాయించు.

నీళ్ల సంగతి. ఒడ్డు నుంచి పైపు వేస్తం అంటున్నరు, మంచిదే. గానీ నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు నీళ్ల కంటె తేలిక, నిండ నీళ్లున్నా తేలాలనే చూస్తది. 110 మిల్లీమీటర్ల పైపు మీటరుకు తొమ్మిదిన్నర లీటర్ల జాగ ఆక్రమిస్తది. పైపు బరువు రెండు కిలోల చిల్లర. లోపట గాలి నిండితె మీటరుకు ఏడు కిలోలకు పైన మీదికి లేస్తది. నీళ్లల్ల కాంక్రీటు గూడ తన బరువుల నూటికి 58 పాళ్లే చూపుతది. ఈ లెక్కన పైపును అడుగున పట్టి ఉంచేందుకు మూడు మీటర్లకొక కాంక్రీటు దిమ్మె, ఒక్కోటి 50 కిలోలకు తగ్గొద్దు. రెండు సగాలుగ పోసి, పైపుకు రబ్బరు పట్టీ చుట్టి, నట్టుబోల్టులతోటి బిగించాలె. రబ్బరు లేకుంటె కాంక్రీటు అంచు పైపును కోస్తది. ఎండకాలం నీళ్లు సన్నబడ్డప్పుడు ఏటి అడుగున కాలువ తవ్వి అండ్లనే దించాలె. ఒట్టిగ ఇసుక మీద పరిస్తె మొదటి వరదకే చెట్ల మొద్దులు కొట్టి ఈడ్చుకపోతయి. రెండు ఒడ్ల మీద వాల్వులు, గడ్డ మీద రెండు జాయింట్ సాకెట్లు, పది మీటర్ల పైపు ముక్క దాచిపెట్టు.

పైపు తెగితె బోరే దిక్కు, అందుకని చేతిపంపును గూడ వరద గీతకు పైన గద్దె మీద పెట్టించు. ట్యాంకుల బ్లీచింగు మా వోళ్లు పిడికిలి లెక్కన వేస్తరు, అది లెక్క కాదు. కొత్త పొడిల నూటికి 33 పాళ్లు క్లోరిను ఉంటది. 10,000 లీటర్లకు 60 గ్రాములు వేస్తె లీటరుకు 2 మిల్లీగ్రాములు పడ్తది. బకెట్ల కలిపి, సున్నం అడుగుకు దిగినంక మీది తేట మాత్రమే ట్యాంకుల పొయ్యి, అర గంట ఆగు. ఆఖరి ఇంటి నల్ల కాడ 0.2 మిల్లీగ్రాములు మిగలాలె. మూట విప్పి పెట్టిన పొడి మెత్తబడి పసలేకుంట అయితది, అందుకని చిన్న ప్యాకెట్లు తెప్పించు. బోరు నీళ్లల్ల ఫ్లోరైడు గూడ చూపించు, 1.5 మిల్లీగ్రాములు దాటితె తాగొద్దు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి మా నల్లగొండ పేరే పెట్టిన్రు, అయినా నీకు ఆ దారి చెప్ప. రోజూ కొలవాలె, కలపాలె, అడుగున మిగిలిన బురద ఏడ పొయ్యాలె? తక్కువ ఫ్లోరైడున్న ఇంకో బోరు వెతుకుడే నయం.

ఊరి దవాఖాన సబ్ సెంటరుకు సోలారు రాసినవు, బ్యాటరీలతోటి. నేనైతె టీకాల ఫ్రిజ్జుకు బ్యాటరీ వద్దంట. పగటి ఎండతోటి లోపల మంచు కట్టించి, మబ్బున్న రోజులు ఆ మంచు మీదనే సల్లగ ఉండే ఫ్రిజ్జులు దొరుకుతయి. బ్యాటరీది ముందుగాల పాణం పోతది, దాన్ని పుట్టి మీద తెచ్చుడు ఇంకో తిప్పలు. లైట్లకు, ఫోను చార్జింగుకు మాత్రం పెట్టుకో. 1 కిలోవాటు పలకలు ఎండ కాస్తె రోజుకు 4 యూనిట్ల దాంక ఇస్తయి, ముసురుల సగం గూడ రాదు, ఆ తక్కువ మీదనే లెక్క కట్టు. ఫ్రిజ్జు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలె. టీకాలు మోసే డబ్బల మంచు ప్యాకులు గడ్డగట్టినయి గట్లనే పెడితె పెంటావాలెంట్, టీడీ అసుంటి టీకాలు గడ్డకట్టి పాడైతయి. ప్యాకు ఊపితె లోపల నీళ్ల చప్పుడు వచ్చేదాంక బయట ఉంచి, అప్పుడు పెట్టాలె.

ఆశా అక్క కాడ గర్భిణుల తారీఖుల పట్టిక ఉంటది. జులై నుంచి అక్టోబరు నడుమ తారీఖున్నోళ్లను పదిహేను రోజుల ముందే ఒడ్డు మీది చుట్టాల ఇండ్లకు పంపాలె, 108 బండి గడ్డ మీదికి రాదు. బీపీ, షుగరు గోలీలు రెండు నెలలయి ఒక్కసారే ఇప్పియ్యి. డయాలసిస్ మీదున్నోళ్లు ఏరు రాకముందే గద్వాలకో పాలమూరుకో పోవాలె. పాము కరిస్తె తాడు కట్టుడు, కోసుడు వద్దు. కాలో చెయ్యో కదలకుండ కట్టె పెట్టి కట్టి, రాత్రైనా బోటు తియ్యాలె, దానికి టార్చి లైటు చార్జింగు మీదనే ఉండాలె. పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు మే నెలల్నే.

కంట్రోలు బియ్యం గురించి ఎక్కువ చెప్పేది లేదు. 2025 జూన్ల మూడు నెలలది ఒక్కసారే ఇచ్చిన్రు, మనిషికి 6 కిలోల చొప్పున 18 కిలోలు. గడ్డ మీది ఊరికి ఏటా గట్లనే కావాలని అర్జీ పెట్టు. బస్తలు నేల మీద పెట్టకుండ కట్టెల మీద, గోడకు రెండడుగుల దూరంల పేర్పించు.

వరద కబురుకు జూరాల గేట్లు మాత్రమే చూస్తె ఆలస్యమైతది. ఎగువ కర్ణాటకల ఉన్న నారాయణపూర్ డ్యాము నుంచి ఎంత వదిలిన్రో రోజూ అడుగు. అది తక్కువున్నదని నిమ్మలంగ కూసోకు, భీమా నది నారాయణపూర్‌కు కింద, తంగిడి కాడ వచ్చి కలుస్తది. రెండూ కలిపి చూడాలె. రేవు గోడ మీద అర అడుగుకొక గీత గీయించి మూడు రంగులు వేయించు. పసుపు గీతకు నీళ్లు ముట్టిన్నాడే రోగులు, గర్భిణులు దాటాలె. ఎర్రగీత ముట్టితె బోటు బందు. ఎర్రగీత ఏడ గీయాలెనో పాత బోటోళ్లను నిలబెట్టి అడుగు, 2009 అక్టోబరు వరద గుర్తు గూడ వాళ్లే చూపుతరు.

వంతెన డిజైను కాగితం చేతికొస్తె రెండు చూడు. వరద గరిష్ఠ మట్టానికి, దూలం అడుగుకు నడుమ 1.5 మీటర్ల సందు ఉండాలె, కృష్ణ అసుంటి నదికి అదే లెక్క. రెండోది, రెండు దిక్కుల ఎక్కే రోడ్డు. వంతెన నిలబడి రోడ్డు కొట్టుకపోయినయి మస్తున్నయి. ఆ రోడ్డు కట్టకు రాతి కూర్పు, దాని అడుగున జాలి పెట్టెలు లేకుంటె ఒప్పుకోకు. పైస మిగిల్చేందుకు వరదకు మునిగే తక్కువ ఎత్తు కాజ్‌వే రోడ్డు కడ్తమంటె మాత్రం వద్దను. ఏరు మూసిన రోజులల్లనే అదీ మునుగుతది, మునిగిందాని మీద ట్రాక్టరు దాటాలని ఎవడో ఒకడు చూస్తడు.

పైపు పోయే దారి మీద ఏటి వెడల్పు, పది మీటర్లకొక లోతు, రెండు ఒడ్ల మట్టాలు కొలిచి పంపు. దిమ్మెలు ఎన్ని పొయ్యాలెనో, సిమెంటు, కంకర ఎంత పడ్తదో లెక్క కట్టి పంపుత. మార్చి నెలలనో ఏప్రిల్‌లనో కొలతలు తియ్యి, మే దాటితె ఏట్లకు దిగనియ్యరు.

ఇంట్ల అందరినీ అడిగిన్నని చెప్పు.

నీ దోస్తు