అప్, డౌన్ క్వార్కులు కవలలు కావు

సంపాదకులకు,

సైన్స్ పేజీల్లో, పాఠాల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న ఒక వాక్యం గురించి ఈ ఉత్తరం. అది ప్రోటాన్, న్యూట్రాన్ల లోపల ఉండే మూలకణాలైన క్వార్కుల గురించి. ‘అప్, డౌన్ క్వార్కుల ద్రవ్యరాశులు దాదాపు సమానం, అందుకే ప్రోటాన్, న్యూట్రాన్ అన్నదమ్ముల్లా ఉంటాయి.’ చదవడానికి హాయిగా ఉంటుంది. నేనూ చాలాకాలం ఇదే చెప్పి మార్కులు వేశాను. కానీ మొదటి సగం తప్పు.

అప్ క్వార్కు ద్రవ్యరాశి సుమారు 2.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, డౌన్‌ది 4.7 (కణాల ద్రవ్యరాశిని ఇలా శక్తి కొలమానంలోనే చెబుతారు, కింది ద్రవ్యరాశులన్నీ ఇదే కొలమానంలో). రెట్టింపు దాటిన తేడాను సమానమని ఎలా అంటాం? అయినా ప్రోటాన్ 938.3 దగ్గర, న్యూట్రాన్ 939.6 దగ్గర నిలుస్తాయి. ఈ పోలిక ఆధారంగానే 1932లో హైజెన్‌బర్గ్ రెండింటినీ ఒకే కణపు రెండు రూపాలుగా తీసుకున్నాడు. ఒకదాని స్థానంలో మరొకటి పెట్టినా దాదాపు తేడా రాని ఈ గుణానికి తర్వాత ఐసోస్పిన్ సౌష్ఠవమని పేరొచ్చింది. క్వార్కుల ఊహ అప్పటికి పుట్టనేలేదు.

మరి కారణమేమిటి? ప్రోటాన్‌లోని రెండు అప్‌లు, ఒక డౌన్ కలిపితే 9 చిల్లర, అంటే మొత్తంలో నూటికి ఒక వంతు. మిగతాది ప్రధానంగా ప్రబల కేంద్రక బలం బంధించి ఉంచిన శక్తి. ఆ బలాన్ని మోసే కణమైన గ్లువాన్‌కు అప్, డౌన్ అనే వివక్ష లేదు. ఏనుగు మీద వాలింది ఒక దోమా రెండా అన్నది ఏనుగుకు పట్టదు కదా! సౌష్ఠవం వచ్చింది క్వార్కుల సమానత్వం వల్ల కాదు, రెండూ ఆ శక్తి ముందు అల్పమైనవి కావడం వల్ల.

తమాషా ఏమిటంటే, బరువైన క్వార్కుల దగ్గర మరో సౌష్ఠవం తలెత్తుతుంది. అలాంటి క్వార్కుల్లో చార్మ్ సుమారు 1,270, బాటమ్ సుమారు 4,180. ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు కలిసిన కణమైన మెసాన్‌లో ఇవి తేలిక క్వార్కుతో జతకడితే, మధ్యలో దాదాపు కదలకుండా కూర్చుంటాయి. వాటి స్పిన్ (కణానికి సహజంగా ఉండే భ్రమణ గుణం) ఎటు తిరిగినా చుట్టూ ఉన్న తేలిక క్వార్కుకు అంతగా తెలియదు. చార్మ్ ఉండి, స్పిన్ అమరికలో మాత్రమే తేడా ఉన్న డి, డి స్టార్ మెసాన్ల మధ్య ద్రవ్యరాశి అంతరం దాదాపు 141. బాటమ్ ఉన్న బి, బి స్టార్ మధ్య అది 45కు పడిపోతుంది. క్వార్కు మూడింతలకు పైగా బరువెక్కితే తేడా మూడో వంతుకు దగ్గరగా తగ్గింది. 1989లో భౌతికశాస్త్రవేత్తలు ఇస్గుర్, వైజ్ దీన్ని ఒక సౌష్ఠవంగా సూత్రీకరించారు. ప్రబల బలపు సిద్ధాంతపు మూల సమీకరణంలో వెతికితే ఇది కనబడదు, క్వార్కు బరువెక్కేకొద్దీ స్పష్టమవుతుంది.

‘ప్రకృతి సౌష్ఠవాన్ని ప్రేమిస్తుంది’ లాంటి శీర్షికలు పెట్టేముందు, ఆ సౌష్ఠవం మూలంలోనే ఉందా, పరిస్థితుల వల్ల పైకి తేలిందా అని రాసేవారు ఒకసారి అడగాలి. ఇది పండితుల పట్టింపు కాదు. న్యూట్రాన్‌లో డౌన్‌లు రెండు, అప్ ఒకటి. డౌన్ బరువు కావడం వల్లే న్యూట్రాన్ ప్రోటాన్‌ కంటే బరువుగా ఉంది. విద్యుదావేశం ఒక్కటే లెక్కలోకి వస్తే ప్రోటానే బరువయ్యేది, అప్పుడు హైడ్రోజన్ నిలిచేది కాదు. సమానమని రాసేస్తే ఈ కథంతా మాయమవుతుంది.

పాత వాక్యం స్థానంలో ఇది వేయండి: ‘అప్, డౌన్ క్వార్కులు సమానం కావు, కానీ రెండూ ఎంత తేలికంటే ప్రబల బలానికి ఆ తేడా దాదాపు కనబడదు.’

— ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు