అమ్మలుకి, టేకవే కూర గురించి

లెస్టర్
ఆదివారం రాత్రి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. కూర ఎర్రగా, చిక్కగా, ముక్కకి పట్టి చక్కగానే ఉంది. కానీ అది మనింటి కూర. ఇక్కడి ఇండియన్ హోటళ్ల నుంచి పార్సిల్‌గా తెచ్చుకునే టేకవే డబ్బాలో వచ్చేది అలా ఉండదు. పులుసు గరిటె మీంచి పట్టులా జారుతుంది, ఉల్లిపాయ తునక ఒక్కటి కూడా పంటికి తగలదు. ఆ రుచి కోసం మూడు రకాల మసాలా పొడులు కొన్నానన్నావు. ముప్పై కొన్నా రాదు. కిటుకు పొడిలో లేదు, ఉల్లిపాయని వేయించకుండా ఉడకబెట్టడంలో ఉంది. ఆ తర్వాత పెనం మీద పెట్టే సెగలో ఉంది.

ఈ బ్రిటన్‌లో ఇండియన్ అని బోర్డు పెట్టిన వంటిళ్లలో చాలావరకు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వాళ్లవి. రాత్రి ఏడింటికి ఆర్డర్లు మీద పడితే ఒక్కో కూరకీ ఉల్లిపాయలు వేయించుకుంటూ కూర్చోవడం కుదరదు కదా. అందుకని ముందే ఒక పెద్ద గిన్నెడు ఉల్లిపాయ గ్రేవీ కాచి పెట్టుకుంటారు, చికెన్ కూడా ఉడికించి పక్కన పెట్టుకుంటారు. ఆర్డర్ వచ్చాక ఒక్కో కూర ఎనిమిది నిమిషాల పని. కమ్మటి కోర్మా అయినా, మద్రాస్ అనే కారం కూర అయినా అడుగున ఉండేది ఆ ఒక్క గ్రేవీయే. దాన్నే బేస్ గ్రేవీ అంటారు.

తొక్క తీశాక కిలో తూగేటన్ని మామూలు గోధుమరంగు ఉల్లిపాయలు తీసుకో. ఎర్ర ఉల్లి వద్దు, ఉడికితే గ్రేవీ రంగు చెడుతుంది. సన్నగా తరగాల్సిన పని లేదు, ఒక్కోదాన్ని ఆరు ముక్కలు చేస్తే చాలు. 100 గ్రాముల క్యారెట్, 80 గ్రాముల క్యాబేజీ, సగం పచ్చ క్యాప్సికం, 40 గ్రాముల వెల్లుల్లి, 30 గ్రాముల అల్లం, గుప్పెడు కొత్తిమీర కాడలు. క్యారెట్ తీపికి, క్యాబేజీ గ్రేవీకి కాస్త చిక్కదనం రావడానికి. క్యాప్సికం మాత్రం సగానికి మించకూడదు, ఎక్కువైతే చివర చేదు తగులుతుంది. అన్నీ పెద్ద గిన్నెలో వేసి లీటరు నీళ్లు, 150 మిల్లీలీటర్ల నూనె, రెండు టీస్పూన్ల ఉప్పు వేసి మూత పెట్టు. నూనె చూసి భయపడకు, అది ఎనిమిది కూరలకి సరిపడా నూనె. తగ్గిస్తే గ్రేవీ సూప్‌లా ఉంటుంది, తర్వాత పెనం మీద నూనె తేలదు.

మరిగాక సెగ తగ్గించి గంటసేపు ఉడకనివ్వు. ఇక్కడే అందరూ తొందరపడతారు. ఇరవై నిమిషాలకే ఉల్లిపాయ మెత్తబడినట్టు కనిపిస్తుంది, నమ్మకు. ఒక రేకు తీసి చల్లార్చి రెండు వేళ్ల మధ్య నలుపు. పీచు గాని, సన్నటి పొర గాని వేలికి తగిలితే ఇంకా కాలేదు. వెన్నలా కనిపించకుండా పోవాలి. అరకొరగా ఉడికిన ఉల్లిని మిక్సీ నున్నగా చేస్తుంది గాని ఘాటు తియ్యలేదు. ఆ పచ్చి ఘాటు తర్వాత ఎంత వేయించినా పోదు, పైగా ఆ తునకలే పెనం అడుగున ముందు మాడతాయి.

టమాటా మొదట్లో వెయ్యకు. పులుపు తగిలితే ఉల్లిపాయ మెత్తబడడం మందగిస్తుంది. పుల్లటి మామిడికాయతో కలిపి కందిపప్పు పెడితే ఉడకనని మొండికేస్తుంది చూడు, అదే సంగతి. ఉల్లిపాయ పూర్తిగా ఉడికాక సగం డబ్బా టమాటాలు, అంటే 200 గ్రాములు, ఒకటిన్నర టీస్పూన్ల పసుపు, ఒక టేబుల్‌స్పూన్ మసాలా మిశ్రమం (దాని సంగతి కింద చెప్తాను) వేసి ఇంకో పావుగంట ఉంచు.

మిక్సీ పట్టేముందు చల్లారనివ్వు. వేడిది జార్‌లో పోసి బిగించి తిప్పావా, ఆవిరికి మూత ఎగిరిపోయి మరుగుతున్న ఉల్లిపాయ చేతుల మీద పడుతుంది. చల్లారాక కూడా జార్ సగానికే నింపు. ఒక్కో విడత మూడు నిమిషాలకి తక్కువ కాకుండా తిప్పు. గరిటె వెనక వేలితో గీస్తే గరుకు తగలకూడదు.

రుబ్బింది మళ్లీ గిన్నెలో పోసి అర లీటరు నీళ్లు కలిపి చిన్న సెగ మీద అరగంట పెట్టు. మొదట పైన లేతరంగు నురగ కడుతుంది. అది మిక్సీలో దూరిన గాలి, దానంతటదే తగ్గిపోతుంది. కాసేపటికి గిన్నె అంచు చుట్టూ నారింజరంగు నూనె చుక్కలు తేలతాయి. తేలిందంటే గ్రేవీ అయింది. చిక్కదనం పప్పుచారుకి తక్కువగా, పాలకి కొంచెం ఎక్కువగా ఉండాలి. ఇంత పలచనేంటి, పాడైందేమో అనిపిస్తుంది. పాడవలేదు, దాన్ని చిక్కబరిచేది పెనం. ముందే చిక్కగా ఉంటే పెనం మీద రెండు నిమిషాలకే ముద్దయిపోతుంది, మసాలాకి ఉడికే సమయం దొరకదు. మొత్తం రెండున్నర లీటర్ల దాకా వస్తుంది. 330 మిల్లీలీటర్ల చొప్పున డబ్బాల్లో పోస్తే ఏడు గాని ఎనిమిది గాని అవుతాయి. ఒక డబ్బా ఒక కూర. దీన్ని ఉత్తగా రుచి చూస్తే చప్పగా, తియ్యగా ఉంటుంది. అలాగే ఉండాలి.

మసాలా మిశ్రమంలో దాపరికం ఏమీ లేదు. మైల్డ్ కర్రీ పౌడర్ 4 టేబుల్‌స్పూన్లు, ధనియాల పొడి 4, జీలకర్ర పొడి 3, పాప్రికా (రంగుకి వేసే, కారం తక్కువ ఉండే మిరప పొడి) 3, పసుపు 2, గరం మసాలా 1. కర్రీ పౌడర్ అంటే మనవాళ్లు మూతి విరుస్తారు గాని, అందులోని మెంతి వాసన లేకపోతే అది టేకవే కూర అనిపించదు. గరం మసాలా ఒకటికి మించితే బిర్యానీ వాసన వస్తుంది, కూర దారి తప్పుతుంది. కారం ఇందులో కలపకు, కూరని బట్టి విడిగా వేసుకోవాలి. నువ్వు తీసుకెళ్లిన గుంటూరు కారం అయితే నేను చెప్పే కొలతలో సగమే వెయ్యి, రంగు సంగతి పాప్రికా చూసుకుంటుంది. తాలింపు గింజలు, కరివేపాకు జోలికి పోకు. ఆ రెండూ పడగానే కూర మన ఊరు వెళ్లిపోతుంది.

చికెన్ విడిగా ఉడికించాలి. అర కిలో బోన్‌లెస్ ముక్కలకి రెండు టేబుల్‌స్పూన్ల నూనె, అర టీస్పూన్ పసుపు, రెండు టీస్పూన్ల మిశ్రమం, కాస్త ఉప్పు. ఒక నిమిషం కలియబెట్టి ఒక డబ్బా గ్రేవీ పోసి మూత పెట్టి సన్నని సెగ మీద పది పన్నెండు నిమిషాలు. పెద్ద ముక్కని కోసి చూడు, లోపల గులాబీరంగు కనిపించకూడదు. మాంసం థర్మామీటర్ ఉంటే మధ్యలో 75 డిగ్రీలు రావాలి. పచ్చి చికెన్‌నే నేరుగా కూరలో వేస్తే అది నీళ్లు వదులుతుంది, పెనం సెగ పడిపోతుంది, అప్పటిదాకా చేసినదంతా వృథా.

ఇప్పుడు అసలు పని. నీ గదిలో ఉన్నది ఇండక్షన్ కాదు కాబట్టి పల్చటి అల్యూమినియం ఫ్రైయింగ్ ప్యాన్ కొనుక్కో, 24 సెంటీమీటర్లది. ఇండక్షన్ అయితే అల్యూమినియం పనిచెయ్యదు, కార్బన్ స్టీల్ కావాలి. నాన్‌స్టిక్ వద్దు. గ్రేవీ అంచులకి పల్చగా అంటుకుని ఎర్రబడడమే టేకవే రుచి, నాన్‌స్టిక్ దాన్ని అంటుకోనివ్వదు. అంత సెగకి దాని పూత కూడా నిలవదు. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, గ్రేవీని పక్క పొయ్యి మీద మరుగుతూ ఉంచి మొదలుపెట్టు. చల్లటి గ్రేవీ పోస్తే ఎలక్ట్రిక్ పొయ్యి మళ్లీ వేడెక్కేసరికి కూర ఉడుకుతుందే తప్ప వేగదు.

మూడు టేబుల్‌స్పూన్ల నూనె వేడిచేసి ఒక టీస్పూన్ అల్లంవెల్లుల్లి ముద్ద వెయ్యి. చిటపట పెద్దగా మొదలై అర నిమిషానికి సన్నగిల్లుతుంది. అప్పుడే, వెల్లుల్లి ఎర్రబడకముందే, సెగ తగ్గించి రెండు టీస్పూన్ల మిశ్రమం, అర టీస్పూన్ కారం, పావు టీస్పూన్ ఉప్పు, అరచేతిలో నలిపిన కసూరీ మేథీ (ఎండు మెంతికూర) ఒక టీస్పూన్ వేసి వెంటనే రెండు చెంచాల గ్రేవీ చిలకరించు. ఆ తడి లేకపోతే పొడులు పది సెకన్లలో మాడతాయి. మాడిన పొడి చేదుకి విరుగుడు లేదు. పంచదార వేస్తే చేదు మీద తీపి కూర్చుంటుంది, అంతే. పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే. పోయేది రెండు టీస్పూన్ల పొడే కదా.

అర నిమిషం తిప్పాక టమాటా ప్యూరీ మూడు టేబుల్‌స్పూన్లు. ట్యూబ్‌లో వచ్చే గట్టి ముద్దని ఒక వంతుకి మూడు వంతుల నీళ్లు కలిపి పలచన చేసిందే వాడాలి. ఇప్పుడు సెగ పూర్తిగా పెంచు. పెనంలో చిన్న చిన్న గుంటలు పడి వాటి చుట్టూ నూనె విడుతుంది. విడగానే 75 మిల్లీలీటర్ల గ్రేవీ పోసి, ఒకసారి కలిపి, గరిటె పక్కన పెట్టెయ్. చెయ్యి ఊరుకోదు, తెలుసు. కానీ కలుపుతూ ఉంటే అంచున ఏదీ అంటుకోదు. బుడగలు మొదట చిన్నగా చురచురమంటూ వస్తాయి, నీరు ఇగిరేకొద్దీ పెద్దవై బద్ధకంగా పగులుతాయి, అంచున గోధుమరంగు గీత కడుతుంది. ఆ గీతని గరిటెతో గీకి లోపలికి కలుపు. నల్లబడితే మాత్రం కలపకు. ఇంకో 75 పోసి మళ్లీ అలాగే. మూడోసారి మిగిలిన 180 పోసి, చికెన్ ముక్కలు వేసి, నాలుగైదు నిమిషాలు సెగ తగ్గించకుండా ఉంచు. గ్రేవీ మొత్తం ఒకేసారి పోస్తే పెనం మరిగే నీటి వేడి దాటి పైకి పోదు, అంచున ఏదీ ఎర్రబడదు. అందుకే మూడు విడతలు. ఒక్క పెనంలో ఒక్క కూరే చెయ్యి. ముగ్గురికీ కలిపి పెద్ద గిన్నెలో చేశావంటే మళ్లీ ఆ ఫోటోలో కూరే వస్తుంది.

దించేముందు చిటికెడు గరం మసాలా, కొత్తిమీర. రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే నూనె పైకి వస్తుంది. రాకపోతే ఇంకా నీరు ఉందని, ఒక నిమిషం మళ్లీ పెట్టు. ముద్దయిపోతే వేడి గ్రేవీ రెండు గరిటెలు పొయ్యి, నీళ్లు కాదు.

మద్రాస్ కావాలంటే కారం ఒకటిన్నర టీస్పూన్లు (గుంటూరుదైతే ముప్పావు), చివర్లో ఒక టీస్పూన్ నిమ్మరసం, అర టీస్పూన్ వూస్టర్ సాస్ (ఇక్కడి పుల్లటి నల్ల సాస్). మాంసం తినని వాళ్లకి పెట్టేటప్పుడు ఆ సాస్ మానెయ్, మామూలుగా అందులో చేప ఉంటుంది. ఈ మద్రాస్‌కీ చెన్నైకీ చుట్టరికం ఏమీ లేదు, ఇక్కడ ఆ పేరుకి అర్థం కారం అనే. విందాలూ కూడా అంతే. గోవాలో వెనిగర్, వెల్లుల్లితో చేసే, పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చిన వంట అది. ఇక్కడ మద్రాస్ కంటే ఇంకో మెట్టు కారం, పేరులో ఆలూ వినిపించింది కాబట్టి ఒక బంగాళాదుంప. ధన్సాక్‌కి ఉడికించిన ఎర్రపప్పు మూడు టేబుల్‌స్పూన్లు, రెండు అనాసపండు ముక్కలు. పార్సీల ధన్సాక్‌లో ఆ అనాస ఉండదు, మన ఇష్టం.

కోర్మా ఒక్కటే వేరే తోవ. టమాటా ప్యూరీ లేదు, కారం లేదు, పెద్ద సెగ లేదు. మిశ్రమం అర టీస్పూన్ చాలు. గ్రేవీ 250 మిల్లీలీటర్లు మరిగాక ఎండుకొబ్బరి పిండి రెండు టేబుల్‌స్పూన్లు, బాదం పొడి ఒకటి, పంచదార రెండు టీస్పూన్లు వేసి, చివర్లో సెగ తగ్గించి 60 మిల్లీలీటర్ల సింగిల్ క్రీమ్ (పలచటి మీగడ). మరుగుతుండగా క్రీమ్ పోస్తే విరిగిపోవచ్చు. బాదం వేస్తున్నావని నీతో ఉండేవాళ్లకి ముందే చెప్పు, గింజల అలర్జీ ఎవరికైనా ఉంటే ఆ గరిటె కూడా వేరే కూరలో పెట్టకూడదు.

గ్రేవీ గంట, గంటన్నరలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టెయ్. వెడల్పు గిన్నెలో పోస్తే త్వరగా చల్లారుతుంది. రెండు రోజుల్లో వాడేది ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్‌లో. మూడు నెలలు ఉంటుంది. డబ్బా అంచు దాకా నింపకు, గడ్డకట్టేటప్పుడు ఉబ్బి మూత లేస్తుంది. మళ్లీ కాచేటప్పుడు నీరు, ముద్ద విడివిడిగా కనిపిస్తే కంగారుపడకు, మరిగితే కలిసిపోతుంది.

ఉంటాను,
నాన్న

తా.క. మిక్సీ లేదన్నావు కాబట్టి హ్యాండ్ బ్లెండర్ కొంటావేమో. అడుగు కాడ స్టీల్‌ది చూసి కొను, ప్లాస్టిక్ కాడకి పసుపు పట్టిందంటే వదలదు. తిప్పేటప్పుడు దాని తల గ్రేవీలో పూర్తిగా మునిగి ఉండాలి. సగం పైకి లేచిందా, ఆ రోజు గోడలు కూడా నువ్వే కడుక్కోవాలి.